ఒకటి పాయింట్ ఎనిమిది

పగలంతా హాలిఫాక్స్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
అక్కడ వెనకా ముందూ ఉండవు.
పక్కటెముక మీద పక్కటెముక, గుండె నీడ,
ఓ చంటివాడు మింగేసిన పెన్నీ,
అన్నీ ఒకే పలక మీద, మొహమాటం లేకుండా.
అందుకేనేమో, సెలవు దొరికితే చాలు
దేన్నో ఒకదాన్ని మసకబార్చాలని చేతులు పీకుతుంటాయి.

ఎనభై అయిదు మిల్లీమీటర్ల ప్రైమ్ లెన్సు.
సెకండ్‌హ్యాండ్. అంచున పంటిగాటు లాంటి గీత.
జూమ్ లేదు, దగ్గరవ్వాలంటే కాళ్ళే గతి.
దాని లెక్క తిరకాసు లెక్క:
అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దదవుతుంది.
పదహారు దగ్గర సూదిబెజ్జం,
ఒకటి పాయింట్ ఎనిమిది దగ్గర నోరు తెరిచిన బావి.
అంత తెరిచీ అది నికరంగా చూసేది
తమలపాకు మందమంత లోకం.
రెప్పవెంట్రుక దొరికిందా, చెవి కరిగిపోతుంది.

ఫిబ్రవరి. పొద్దున్న ఎనిమిదిన్నర. గిబ్బెట్ వీధి మలుపు.
వాన వెలిసి రోడ్డు నల్లగా నిగనిగలాడుతోంది.
డోరీన్ హెప్‌వర్త్‌కి ఇది ఆఖరి వారం.
ముప్పై ఒక్క ఏళ్ళుగా పసుపు కోటు, పొడుగు కర్రకి గుండ్రటి పలక,
బడి పిల్లల్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటించింది.
గోడకి పెట్టుకుంటాం, ఒక్క ఫొటో, అన్నారు బడివాళ్ళు.

"నాలుగడుగులు ముందుకి రండి," అన్నాను.
మసకకి అపెర్చర్ సగం మందు, దూరం సగం.
ఎడమ కంటి మీద ఫోకస్. ఊపిరి బిగబట్టాను.
టక్.

ఆహా!
బ్రేకు లైట్లు మగ్గిన రేగుపళ్ళు,
బస్సు పాలల్లో కరిగిన పసుపు,
మసి పట్టిన రాతి ఇళ్ళు తడి విభూతి.
ఆమె ముఖమొక్కటే, ముడత ముడతా లెక్కకొచ్చేలా.
నాకు నేనే చప్పట్లు కొట్టుకోవాల్సిన ఫొటో.

కెమెరా తెర చూపించాను.
డోరీన్ కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.
"బాగుంది, లవ్. అచ్చం మా అమ్మలా ఉన్నాను."
తర్వాత గోరుతో ఓ మూల పొడిచి,
"ఇవేంటి, ఈ నీలం మరకలు?"

పిల్లలు, అన్నాను.

కోప్పడలేదు.
పలక నావైపు తిప్పి, చేతితొడుగుతో వాననీళ్ళు తుడిచింది.
పైన "ఆగు" అని ఉంది, అది అందరం చదువుతాం.
కింద ఇంకో మాట ఉంది. పిల్లలు.
"వీళ్ళు కనబడాలనే కదా నన్నిక్కడ నిలబెట్టింది."

చలికి రింగు బిగుసుకుపోయింది. తిప్పాను.
రెండు. రెండు పాయింట్ ఎనిమిది. నాలుగు.
ఒక్కో మెట్టుకీ కన్ను కాస్త మూసుకుంది.
దీపాల గుండ్రాలు ఏడు పలకలయ్యాయి, మొరటుగా.
పిల్లల్ని మూడడుగులు ముందుకి రమ్మన్నాను.
ఆరడుగులు వచ్చారు.
జునైద్ పక్కచూపు, ఎవరిదో జారిన మేజోడు,
చీమిడి ముక్కు ఒకటి, నవ్వు ఆపుకోలేని పళ్ళసందు ఒకటి.
బస్సు మాత్రం మసకే. దాని నంబరు ఎవరిక్కావాలి?

కొంచెం వంకర ఫొటో. చెత్తబుట్ట కూడా పడింది.
అదే గోడెక్కింది.

మొదటిది నా దగ్గరే ఉంది. పారేయలేను.
అందంగా ఉంది మరి, ఏం చేయను?
రాత్రి డ్యూటీలో ఫిల్ములేవీ రానప్పుడు
పెద్దది చేసి, పెద్దది చేసి చూస్తుంటాను.
ఆమె లెన్సులోకి చూస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ.
కాదు.
ఎడమ కంటిపాపలో, బియ్యపుగింజంత నేను,
నా మోచేతి పక్కన, ఇవతలి గట్టు మీద
ఆలస్యంగా వచ్చి నిలబడ్డ
ఒక నీలం చొక్కా.